పేరొచ్చాక కూడా వీధి మనిషేనా?

ప్రశ్న: పేరూ డబ్బూ వచ్చాక కూడా ఒక ర్యాపర్ తన వీధికి నిజాయితీగా ఉండగలడా? అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ విషయంలో మీ అభిప్రాయం చెప్పండి.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉండగలడనడానికి 2012 అక్టోబరులో వచ్చిన ఆయన ఆల్బమ్ ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ నా దృష్టిలో గట్టి సాక్ష్యం. పేరున్న ర్యాప్ నిర్మాత డాక్టర్ డ్రే అండ, ఇంటర్‌స్కోప్ వంటి పెద్ద రికార్డింగ్ సంస్థ బలం ఉన్నప్పటికీ లమార్ అందులో తనను ముఠా వీరుడిగా చిత్రించుకోలేదు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్‌లో, అమ్మ వ్యాన్ తీసుకుని, స్నేహితుల ఒత్తిడికి లొంగి తప్పులు చేస్తూ, ఎదురుపడే ముఠాలకు భయపడే టీనేజీ కుర్రాడిగా చూపించుకున్నారు. పాటల మధ్య వచ్చే ఫోన్ సందేశాల్లో వ్యాన్ తిరిగి తెమ్మని అమ్మ, తన డామినోలు (ఆట బిళ్లలు) ఏవని నాన్న అడుగుతుంటే ఆ ఇల్లు మన కళ్లముందు నిలుస్తుంది. రేడియోలో మారుమోగిన ‘స్విమ్మింగ్ పూల్స్’ పైకి విందు పాటలా వినిపించినా, తాగుబోతుల మధ్య పెరిగిన మనిషి అంతర్మథనాన్ని చెబుతుంది. జనం పాడుకునే బాణీలోనే అంత చేదు నిజాన్ని నిలపడం సామాన్యమైన పని కాదు. మరో ర్యాపర్ డ్రేక్‌తో కలిసి చేసిన ‘పొయెటిక్ జస్టిస్’ మాత్రం రేడియో కోసమే చేర్చినట్లు తోస్తుంది. 2014 గ్రామీ అవార్డుల్లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ బహుమతి ర్యాప్ జంట మాకిల్‌మోర్, ర్యాన్ లూయిస్‌లకు దక్కడం లమార్‌కు జరిగిన అన్యాయమేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.