టెక్ సందేహాలు: కర్నూలు వీధుల్లో బట్టమేక పిట్ట

ప్రశ్న: రోజూ పొద్దున్నే సైకిల్ తొక్కుతాను సార్. తిరిగిన దారి మ్యాప్ మీద బొమ్మలా కనపడేట్టు కొందరు తొక్కుతున్నారు. మా రోళ్లపాడు బట్టమేక పిట్టను కర్నూలు రోడ్ల మీద గీయాలని నా కోరిక. కంప్యూటర్లో రూట్ పెడుతుంటే గీత నేననుకున్న వీధిలో కాకుండా ఎటో మళ్లుతోంది. ఏం చేయాలి?

జవాబు: ఎంత మంచి పిట్టను ఎంచుకున్నారండీ! అంతరించిపోతున్న ఆ పక్షి పేరు మీ బొమ్మ వల్ల నలుగురి నోళ్లలో పడినా చాలు.

రెండు చోట్ల క్లిక్ చేస్తే రూటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రెంటి మధ్య అనువైన దారి వెతుకుతుంది. పిట్ట మెడ ఎటు వంగాలో దానికేం తెలుసు? అందుకే ప్రతి మలుపులోనూ ఒక చుక్క పెట్టండి, పొడవాటి వీధైతే మధ్యలో ఇంకొకటి. జీపీఎక్స్.స్టూడియో అనే వెబ్‌సైట్‌లో ఈ పని బ్రౌజర్‌లోనే ఉచితంగా అవుతుంది. సైకిల్ మోడ్ వన్‌వేల దగ్గర చుట్టూ తిప్పుతుంటే నడక మోడ్‌లో గీయండి. తర్వాత ఆ కాస్త దూరం మాత్రం దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్లండి, ఎదురు తొక్కొద్దు.

బొమ్మ ముందే ఖాయం చేసుకుని వీధుల మీద రుద్దకండి. ఖాళీ మ్యాప్‌ను నాలుగు వైపులా తిప్పి చూస్తే ఊరే ఆకారాలు చూపిస్తుంది. కర్నూలులో హంద్రీ నదిని దాటాలంటే వంతెన ఎక్కాల్సిందే, గీత ఇంకెక్కడా దాటదు. బట్టమేక పిట్టది నిటారైన పొడుగు మెడ కదా, ఆ వంతెననే మెడగా వాడుకోండి. ఒళ్లు ఒక గట్టున, తల రెండో గట్టున వస్తాయి.

ఇక కాళ్లు. ఇది చెయ్యెత్తకుండా వేసే ముగ్గు లాంటిదే. బేసి సంఖ్యలో గీతలు కలిసే కూడళ్లు రెండుకు మించితే నడిచిన గీత మీద మళ్లీ నడవక తప్పదని గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1736లోనే తేల్చాడు. కాబట్టి కాలి చివరిదాకా పోయి అదే వీధిలో వెనక్కి రండి. మ్యాప్ మీద రెండు గీతలూ దాదాపు ఒకటిగానే కనిపిస్తాయి.

బొమ్మ పెద్దదిగా ఉండాలి. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఇరుకు సందుల్లో ఇంకా ఎక్కువ. ముక్కును చిన్న సందులో పెడితే అలుక్కుపోతుంది. జపాన్‌కు చెందిన యసుషి తకహాషి పెళ్లి ప్రతిపాదనను ఇలాగే మ్యాప్ మీద గీతతో రాయడానికి 7 వేల కిలోమీటర్లకు పైగా తిరిగాడు! మీకు ఊరు చాలు.

మీరు గీసిన రూట్ ఉండే జీపీఎక్స్ ఫైల్‌ను ఫోన్‌లోకి ఎక్కించుకున్నాక రికార్డింగ్ యాప్‌కు బ్యాటరీ సేవర్ ఆపేయండి, లేకపోతే స్క్రీన్ ఆరగానే రికార్డింగ్ ఆగిపోవచ్చు. అప్పుడు ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలైన చోటికి అడ్డంగా గీత పడుతుంది. రికార్డింగ్ ఇంటి గుమ్మం నుంచి మాత్రం మొదలుపెట్టకండి, మీ ఇల్లెక్కడో అందరికీ తెలిసిపోతుంది.

ప్రశ్న: ఇలాంటి రూట్‌ను ప్రోగ్రామే వెతికిపెట్టదా? (ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం)

జవాబు: పెడుతుంది. పైథాన్‌లో ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ లైబ్రరీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌లోని రోడ్లను గ్రాఫ్‌గా, అంటే కూడళ్లు చుక్కలుగా, రోడ్లు వాటిని కలిపే గీతలుగా ఇస్తుంది. రోడ్డు పొడవుకు బదులు బొమ్మ అంచు నుంచి ఎంత దూరం జరిగిందన్నదాన్ని ఖర్చుగా లెక్కగట్టి, బొమ్మ అంచు మీద వరుసగా పెట్టిన చుక్కల మధ్య డైక్‌స్ట్రా (అతి తక్కువ ఖర్చయ్యే దారిని వెతికే పద్ధతి) నడపండి. బొమ్మను జరుపుతూ, తిప్పుతూ, సైజు మారుస్తూ మళ్లీ మళ్లీ ప్రయత్నించండి. తక్కువ ఖర్చు వచ్చిన పది రూట్లను కళ్లతో చూసి ఒకటి ఎంచుకోండి, ఎందుకంటే స్కోరు బాగున్నంత మాత్రాన అది పిట్టలా కనిపించాలని లేదు. మొదట త్రిభుజంతో పరీక్షించి, అది కుదిరాకే పిట్ట జోలికి వెళ్లండి.