చివరి వంద మెగాహెర్ట్జ్ ఖరీదెంత?

ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా ప్రాసెసర్ అన్ని కోర్ల మీదా లోడ్ పడితే 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచేది. మల్టిప్లయర్ (క్లాక్ వేగాన్ని నిర్ణయించే గుణకం) ఒక్కొక్కటే పెంచుతూ పోయాను. 4.7కి 1.21 వోల్టులు, 4.8కి 1.24, 4.9కి 1.29, 5.0కి 1.38 పట్టాయి. గదిలో 28 డిగ్రీలు. 4.8 దగ్గర సినీబెంచ్ (వేగం కొలిచే పరీక్ష) నడిపితే 80 డిగ్రీల దగ్గర ఆగింది. 5.0 దగ్గర మూడు నిమిషాలకే 100 తాకుతోంది. పైగా స్కోరు 4.9లో వచ్చినదానికంటే తక్కువ. కూలర్ మార్చాలా?

జవాబు: కూలర్‌లో తప్పేమీ లేదు. మీరు రాసిన అంకెల్నే వరసగా చూడండి. 4.7 నుంచి 4.8కి వెళ్లడానికి 0.03 వోల్టులు చాలాయి. ఆ పై వందకు 0.05, ఆపైన 0.09 కావలసి వచ్చింది. ఎక్కుతున్న కొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతోంది. ఈ వంపు ప్రతి చిప్‌లోనూ ఉంటుంది, మొదలయ్యే చోటు మాత్రం ఒకే మోడల్‌లోనైనా చిప్‌కీ చిప్‌కీ తేడా. మీ చిప్‌కు అది 4.8 దాటాక మొదలైంది.

ప్రాసెసర్‌లో ఖర్చయ్యే పవర్ క్లాక్‌కు అనులోమానుపాతంలో పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. 1.24ను 1.38 చేస్తే వర్గం వల్లనే దాదాపు 24 శాతం, క్లాక్ వల్ల మరో 4 శాతం, రెండూ కలిసి 29 శాతం అదనం. 4.8లో 150 వాట్లు తీసుకునే చిప్ 5.0లో 193 వాట్లు తీసుకుంటుందన్నమాట, అదీ 4 శాతం వేగం కోసం. వేడి కూడా ఆ లెక్కనే పోతుంది. గది మీద 52 డిగ్రీలు ఎక్కినది ఇప్పుడు 67 ఎక్కాలి, అంటే 95. మిగిలిన అయిదు ఎక్కడివంటే, లీకేజీ కరెంటువి, అంటే ట్రాన్సిస్టర్లు ఆపి ఉన్నా వాటి గుండా కారిపోయే కరెంటువి. చిప్ వేడెక్కిన కొద్దీ లీకేజీ పెరుగుతుంది, లీకేజీ పెరిగితే మళ్లీ వేడి. 100 తాకగానే ప్రాసెసర్ తనంతట తానే క్లాక్ తగ్గించుకుంటుంది. స్కోరు పడిపోవడానికి కారణం ఇదే. సెన్సర్ల రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ వరసలో ‘యస్’ అని పడి ఉంటుంది, చూడండి.

క్లాక్ ముందు ఎంచుకుని దానికి వోల్టేజీ వెతికే పద్ధతిని తిరగెయ్యండి. ముందు ఉష్ణోగ్రత హద్దు పెట్టుకోవాలి. రోజూ వాడే మెషీన్‌కు ఫుల్ లోడ్‌లో 85 డిగ్రీలు మంచి హద్దు. ఆ హద్దులో మీ కూలర్ ఎంత వోల్టేజీని మోయగలదో చూడాలి, ఆ వోల్టేజీకి ఎంత క్లాక్ వస్తే అంతే తీసుకోవాలి. మీ లెక్కలో 4.9కి 86 డిగ్రీల దాకా వస్తుంది. ఇప్పటికి ఫర్వాలేదనిపిస్తుంది. కానీ గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు పదీ ఎక్కుతుంది, అప్పుడు 96. అందుకే మా ఓటు 4.8కే. అక్కడ వోల్టేజీని 0.01 చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ పది నిమిషాలు లోడ్ పెట్టండి. ఎక్కడ క్రాష్ అయితే దానికి 0.02 కలిపి, ఆ విలువ దగ్గర ఆపి కనీసం గంటసేపు ఓసీసీటీ (నిలకడను పరీక్షించే సాఫ్ట్‌వేర్) నడపండి.

ఒక్క జాగ్రత్త. ప్రైమ్95 అనే స్ట్రెస్ టెస్ట్‌లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీని ఏవీఎక్స్‌తో (ఒకేసారి ఎన్నో అంకెల మీద లెక్కచేసే ఆదేశాలతో) నడిపితే వేడి సినీబెంచ్‌ను బాగా దాటిపోతుంది. మీరు వాడే సాఫ్ట్‌వేర్ అంత ఏవీఎక్స్ వాడదనుకుంటే, బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ ఉన్న బోర్డయితే దాన్ని 2 పెట్టండి. ఏవీఎక్స్ పనులప్పుడు మాత్రం 200 మెగాహెర్ట్జ్ తగ్గుతుంది.

ప్రశ్న: బయోస్‌లో 1.30 వోల్టులు పెట్టాను. లోడ్‌లో 1.22 కనిపిస్తోంది, కాసేపటికి బ్లూ స్క్రీన్. ‘క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్’ అంటోంది. లోడ్ లైన్ కాలిబ్రేషన్‌ను (ఎల్ఎల్‌సీ, అంటే లోడ్‌లో వోల్టేజీ ఎంత పడాలో నిర్ణయించే సెట్టింగు) గరిష్ఠానికి పెడితే వోల్టేజీ 1.30 దగ్గర కదలకుండా నిలబడింది. ఇలాగే ఉంచేయవచ్చా?

జవాబు: ఉంచొద్దు. లోడ్‌లో వోల్టేజీ పడడం లోపం కాదు, కావాలని అలా డిజైన్ చేశారు. 160 ఆంపియర్లు పోయేటప్పుడు అర మిల్లీఓమ్ లోడ్ లైన్ ఉంటే 0.08 వోల్టులు పడతాయి. మీరు చూసిన తేడా సరిగ్గా అలాంటిదే. ఈ పడడమే లోడ్ ఒక్కసారిగా తీసేసినప్పుడు రక్షణ. వీఆర్ఎం (బోర్డు మీద ప్రాసెసర్‌కు వోల్టేజీ అందించే సర్క్యూట్) అప్పటిదాకా తోస్తున్న కరెంటును ఆ క్షణంలోనే ఆపలేదు, అందుకని మైక్రోసెకన్ల పాటు వోల్టేజీ పైకి ఎగురుతుంది. కింది నుంచి ఎగిరితే మీరు పెట్టిన 1.30 దగ్గరే ఆగుతుంది. గరిష్ఠ ఎల్ఎల్‌సీలో మాత్రం 1.30 నుంచే ఎగురుతుంది. ఆ ఎగురుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనపడదు, ఆసిలోస్కోప్ కావాలి. లోడ్ పడిన తొలి క్షణంలో ఇంతకింతా కిందికి కూడా గుంజుతుంది కాబట్టి, స్క్రీన్ మీద అంకె నిలకడగా ఉన్నా క్రాష్‌లు పోకపోవచ్చు.

మధ్య స్థాయి ఎల్ఎల్‌సీ పెట్టి, లోడ్‌లో 0.03 నుంచి 0.05 దాకా పడనివ్వండి. అప్పుడు కూడా నిలవకపోతే వోల్టేజీనే 0.01 చొప్పున పెంచండి. స్థాయుల అంకెలను నమ్ముకోవద్దు. కొన్ని బోర్డుల్లో 1 అంటే అన్నిటికంటే మెత్తనిది, కొన్నిటిలో అన్నిటికంటే గట్టిది. బయోస్‌లో పక్కనే గీసి ఉండే గ్రాఫ్ చూసి తేల్చుకోండి. మరో మాట: సాఫ్ట్‌వేర్‌లో వీఐడీ అని ఉండేది ప్రాసెసర్ అడిగే వోల్టేజీ, వీకోర్ అనేది అందుతున్నది. రెండింటినీ కలగాపులగం చేసుకుని అనవసరంగా వోల్టేజీ పెంచేవాళ్లు చాలామంది.

ప్రశ్న: రైజెన్ ప్రాసెసర్. కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో క్లాక్‌కు ఇచ్చే వోల్టేజీని సవరించే సెట్టింగు) అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టాను. రాత్రంతా స్ట్రెస్ టెస్ట్ నడిచింది. పొద్దున ఏమీ చేయకుండా బ్రౌజర్ తెరిస్తే రీస్టార్ట్ అయింది!

జవాబు: అన్ని కోర్లూ కలిసి కష్టపడేటప్పుడు క్లాక్ తక్కువగా ఉంటుంది. బ్రౌజర్ తెరిచిన క్షణంలో ఒకే కోర్ అత్యధిక బూస్ట్‌కు ఎగురుతుంది. అంత క్లాక్‌కు మీరు కోసేసిన వోల్టేజీ చాలలేదు. రాత్రంతా నడిచిన టెస్ట్ అసలు ఆ చోటుకే వెళ్లలేదు. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు, అంటే మైనస్ 30 దాదాపు 0.1 వోల్టు కోత.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ ఎర్రర్లను నమోదు చేసేది) పేరుతో ఉన్న ఎర్రర్లు చూడండి. ఐడీ 18 అయితే మెషీన్‌ను పడేసిన ఎర్రర్, 19 అయితే సరిదిద్దుకోగలిగినది. 19 వచ్చినా నిర్లక్ష్యం చేయొద్దు. 18 వివరాల్లో ఏపీఐసీ ఐడీ (ఏ థ్రెడ్‌లో ఎర్రర్ వచ్చిందో చెప్పే అంకె) ఉంటుంది. కోర్‌కు రెండు థ్రెడ్లుంటే మామూలుగా 0, 1 మొదటి కోర్‌వి, 2, 3 రెండోదానివి. పడిపోతున్న కోర్ తెలిసింది కనుక దానికొక్కదానికే మైనస్ 30ని మైనస్ 20 చేసి, కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోర్‌నూ విడివిడిగా పరీక్షించండి. అన్నిటికంటే మంచి కోర్లకే తక్కువ కోత సరిపడుతుంది, ఎందుకంటే వాటికి ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజీ రాసిపెట్టి ఉంటుంది.

ఇదంతా మొదలుపెట్టే ముందు ర్యామ్ ప్రొఫైల్‌ను (ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో, ఎక్స్ఎంపీ లాంటి సెట్టింగును) ఆపేయండి. ఎక్స్‌పో, ఎక్స్ఎంపీ ఆన్‌లో ఉండగా వచ్చే క్రాష్ ప్రాసెసర్‌దో ర్యామ్‌దో తేల్చలేం.

ప్రశ్న: వోల్టేజీ తగ్గించాక క్రాష్‌లు లేవు, క్లాక్ కూడా పాతదే చూపిస్తోంది. కానీ స్కోరు తగ్గింది.

జవాబు: క్లాక్ స్ట్రెచింగ్. వోల్టేజీ చాలనప్పుడు పడిపోకుండా ప్రాసెసర్ తన క్లాక్ పల్స్‌లను సాగదీసుకుంటుంది, పైకి కనిపించే అంకె మారదు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో ‘ఎఫెక్టివ్ క్లాక్’ వరస చూడండి. ఫుల్ లోడ్‌లో అది మామూలు క్లాక్‌కు బాగా వెనకబడి ఉంటే కోత ఎక్కువైనట్లే.

ప్రశ్న: 1.40 వోల్టుల దాకా భయం లేదని విన్నాను. నిజమేనా?

జవాబు: అది పాత తరం చిప్‌ల మాట. అన్ని ప్రాసెసర్లకూ వర్తించే ఒక్క అంకె లేదు. లోపలి తీగలను అరగదీసేది వోల్టేజీ, కరెంటు, ఉష్ణోగ్రత కలిసి. ఒకే కోర్ చిన్న పనిలో 1.40 తాకడం వేరు, అన్ని కోర్లూ 90 డిగ్రీల దగ్గర గంటల తరబడి 1.40 మోయడం వేరు. అరుగుదల మొదలైతే మీకు కనిపించేది ఇదీ: నిరుడు నిలబడ్డ సెట్టింగుకే ఇప్పుడు మరో 0.02 కావాలంటుంది.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే ఓవర్‌క్లాకింగ్ కంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. ఎక్కువ వోల్టేజీ అడుగుతూ చిప్‌లు దెబ్బతిన్న సమస్య మీద 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు వచ్చాయి, వాటిలో 0ఎక్స్129 అడిగే వోల్టేజీని 1.55 దగ్గర కట్టడి చేసింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అప్‌డేట్ బాగుచేయదు. రైజెన్ 7000 వాళ్లు ఎస్ఓసీ వోల్టేజీ (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) 1.30 దాటకుండా చూసుకోండి. ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేయగానే కొన్ని బోర్డులు దాన్ని వాటంతటవే పెంచేయడం వల్ల 2023లో ప్రాసెసర్లు కాలిపోయాయి, ఆ తరువాతే ఏఎండీ ఈ హద్దు పెట్టింది.

ప్రశ్న: 240 నుంచి 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్‌కు మారాను. నాలుగు డిగ్రీలే తగ్గింది.

జవాబు: ఉష్ణోగ్రత గ్రాఫ్ ఏ ఆకారంలో ఎక్కుతోందో చూడండి. లోడ్ పెట్టిన రెండు సెకన్లలోనే 90 దాటితే వేడి చిప్ నుంచి కూలర్‌కు చేరే దారిలోనే అడ్డం ఉంది: పేస్టు, స్క్రూల బిగింపు, లేదా చిన్న చిప్‌లో కుదించుకుపోయిన వేడి. రేడియేటర్ ఎంత పెద్దదైనా దీనికి పనికిరాదు. పది, పదిహేను నిమిషాల పాటు నింపాదిగా ఎక్కితే ద్రవం వేడెక్కుతోందని అర్థం, అప్పుడు ఫ్యాన్లు, కేబినెట్‌లో గాలి చూసుకోవాలి. ఒకే రకం కోర్ల మధ్య 15 డిగ్రీలకు మించి తేడా ఉంటే కూలర్ విప్పి, బఠాణీ గింజంత పేస్టు కొత్తగా వేసి, నాలుగు మరలనూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి.

ప్రశ్న: సెట్టింగు మార్చాక స్క్రీనే రావడం లేదు.

జవాబు: పవర్ సప్లయి వెనక స్విచ్ ఆపి ప్లగ్ తీయండి. కేబినెట్ పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద క్లియర్ సీమాస్ (బయోస్ సెట్టింగులు చెరిపే) పిన్‌లను స్క్రూడ్రైవర్ మొనతో ఓ పది సెకన్లు కలపండి. పిన్‌లు దొరక్కపోతే సీఆర్2032 బ్యాటరీ తీసి అయిదు నిమిషాలు ఆగండి. తిరిగి ఆన్ చేశాక మొదటి బూట్‌కు ర్యామ్ ట్రైనింగ్ వల్ల కొన్ని నిమిషాలు పట్టవచ్చు, మధ్యలో ఆపేయకండి.