హిట్లర్ దాకా ఎందుకండీ, స్టువర్టుపురం చూడండి

"డార్విన్ థియరీ రాకపోతే హిట్లర్ వచ్చేవాడు కాదంటారు, నిజమేనా? సైన్స్‌ని ఇలా చెడుకి వాడటం మీరెవరైనా దగ్గర్నుంచి చూశారా?" అని కదా అడిగారు. జర్మనీ సంగతి చదివిందే గానీ బాపట్లకీ చీరాలకీ మధ్య స్టువర్టుపురం స్టేషన్ ఉంది చూడండి, దొంగల ఊరని జనం ముద్ర వేసింది, అది మాత్రం నాకు బాగా తెలుసు. ఆ చుట్టుపక్కలే ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నేళ్ళు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను.

అక్కడినుంచి వచ్చే పిల్లల్లో కొంతమంది మీదేవూరు అంటే బాపట్ల అనేసేవాళ్ళు. ఎందుకో హాస్టల్లో ఒకసారి ఫోన్ పోయినప్పుడు అర్థమైంది, ఎవర్నీ ఏమీ అడక్కుండా సరాసరి ఒక్కడి పెట్టె తెరిపించారు. స్టాఫ్‌రూంలో ఒకాయన, మనిషి మంచోడే, ఫిజిక్స్ చెప్తాడు, "ఊరికే అంటారా మాస్టారూ, వాళ్ళ జీన్స్‌లోనే ఉంటది" అన్నాడు. (ఆ ఫోన్ ఎక్కడ దొరికిందని అడక్కండి, ఎక్కడ దొరికినా నేను చెప్పేది మారదు.) ఆ మాట పిల్లల దాకా పోయింది, లక్షణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి ఎలా వస్తాయో, ఆ మెండెల్ బఠాణీ మొక్కల పాఠం చెప్తుంటే వెనక బెంచీలోంచి ఒకడు "సార్, దొంగతనం డామినెంటా రెసెసివా?" అన్నాడు, క్లాసంతా ఒకటే నవ్వు.

ఆ ప్రశ్నకి ఆన్సర్ చెప్పాలంటే మెండెల్ సరిపోడు, చట్టం చెప్పాలి. 1871లో బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు, ముందు ఉత్తరాది వైపు, 1911లో కొత్త యాక్టుతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కులంలో పుట్టినోడు దొంగే అవుతాడు, ఇది ఆ బిల్లు పెట్టినప్పుడు సర్కారు తరఫున చేసిన వాదన. ఒక కులాన్ని నోటిఫై చేస్తే చాలు, ఆ కులంలో మనిషి ఏ తప్పూ చేయకపోయినా పేరు రిజిస్టర్‌లో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, పిలిచినప్పుడల్లా పోలీసుల ముందు హాజరేయించుకోవాలి. 1897 సవరణలో అయితే నాలుగేళ్ళ పిల్లల్ని కూడా తల్లిదండ్రుల నుంచి విడదీయొచ్చని రాశారు. మనవైపు ఎరుకల వాళ్ళని ఇందులో పడేశారు. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి ఇచ్చి పెట్టిన సెటిల్‌మెంటే, అంటే ఇలాంటి వాళ్ళని కాపలాలో ఉంచే కాలనీయే స్టువర్టుపురం, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. సీతానగరం, కావలి దగ్గర కప్పరాళ్ళతిప్ప, ఇవీ అలాంటివే.

అసలు ఎరుకల వాళ్ళేం చేసేవాళ్ళో ఎవరూ చెప్పరు. కోస్తా నుంచి ఉప్పు గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని పైనాడుకి పోయి అమ్మి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవాళ్ళు. సర్కారు ఉప్పుని తన చేతిలోకి తీసుకుంది, పన్ను వేసింది, రైళ్ళొచ్చాయి, అడవిలో మేపుకోవడానికి కూడా రూల్స్ పెట్టారు. వ్యాపారం పోయింది, ఇక ఊళ్ళు తిరిగేవాడు కనపడితే అనుమానమే. ఇందులో బయాలజీ ఎక్కడుంది చెప్పండి.

ఇక్కడ నాకు బాగా కోపమొచ్చే విషయం ఒకటుంది. రిజిస్టర్‌లో ఎక్కించేటప్పుడేమో నేరం పుట్టుకతోనే వస్తుందన్నారు, అదే మనుషుల్ని చీరాల ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీలో పనికి పెట్టేటప్పుడేమో కష్టపడి పనిచేస్తే బాగుపడతారన్నారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయండీ? కూలీలు కావాల్సినప్పుడు ఒక థియరీ, కాపలా పెట్టాల్సినప్పుడు ఇంకో థియరీ. తేదీలు కూడా చూడండి, యాక్ట్ 1871లో వస్తే, పుట్టు నేరస్థులుంటారని పుర్రెలు కొలిచి చెప్పిన ఇటలీ డాక్టర్ లాంబ్రోసో పుస్తకం 1876లో వచ్చింది, మెండెల్ పేపర్‌ని జనం మళ్ళీ పట్టించుకున్నది 1900లో, ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత తక్కువ అని లెక్కలేసిన బ్రిటిష్ అధికారి రిజ్లీ 1901 సెన్సస్ నడిపాడు. అంటే శిక్ష ముందే వేసేశారు, సాక్ష్యం వెతుక్కోవడం తర్వాత.

మర్నాడు క్లాసులో చెప్పింది ఇదే. సెటిల్‌మెంట్ వాడు పాస్ లేకుండా ఊరు దాటితే నేరం, జైలు, పక్కూరి వాడు అదే దారిలో పోతే ఏమీ లేదు. మరి పాస్ లేకపోవడానికి జీన్ ఏ క్రోమోజోమ్ మీద ఉంటుందిరా అని అడిగాను. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు జీన్ ఎక్కడుందో పుస్తకంలో ఉంది, నేరం అనేది శాసనసభలో రాసేది, ఈ ఏడాది నేరమైంది వచ్చే ఏడాది కాకపోవచ్చు. 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ యాక్ట్ రద్దయింది, వాళ్ళు డీనోటిఫైడ్ అయ్యారు, అంటే ఆ జాబితాలోంచి తీసేశారు, ఒక్క రాత్రిలో అంతమంది జీన్స్ మారిపోయాయా? ఈసారి ఎవరూ నవ్వలేదు, ఫిజిక్స్ మాస్టారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు, అది వేరే కథ.

ఇక మీ డార్విన్ సంగతి. బలవంతుడిదే బతుకు అన్నట్టుగా అందరూ వాడే ఆ 'సర్వైవల్ ఆఫ్ ది ఫిటెస్ట్' మాట డార్విన్ పుట్టించింది కాదు, 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ రాశాడు, డార్విన్ తర్వాత ఎడిషన్లో తీసుకున్నాడు. మేలు రకం మనుషులే పిల్లల్ని కనాలి, మిగతావాళ్ళు కనకూడదు అనే వాదానికి యూజెనిక్స్ అని పేరు పెట్టింది డార్విన్ కజిన్ గాల్టన్, 1883లో. దాన్ని ముందు చట్టం చేసింది అమెరికా రాష్ట్రాలు, 1927లో వాళ్ళ సుప్రీంకోర్టే క్యారీ బక్ అనే అమ్మాయికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చంది, ఆ కుటుంబమే బుద్ధిమాంద్యం కుటుంబమని. ఆవిడ కూతురు తర్వాత స్కూల్లో మంచి మార్కులే తెచ్చుకుంది. జర్మనీ 1933 చట్టానికి అమెరికా వాళ్ళదే ఒక నమూనా, దాని కింద దాదాపు 4 లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. కాబట్టి హిట్లర్‌ని ఒక్క డార్విన్ ఖాతాలో రాసేస్తే మిగతా వాళ్ళంతా తప్పించుకుంటారు.

మరి సైన్స్ తప్పేం లేదా అంటే, సైంటిస్టులది ఉంది, చాలా ఉంది. బెర్లిన్‌లో యూజెన్ ఫిషర్ అనే ప్రొఫెసర్, తర్వాత నాజీలకి బాగా పనికొచ్చినాయన, తెల్లవాళ్ళ పుర్రె రెండు వైపులా సమానంగా ఉండదని, ఆ వంకరే వాళ్ళ ఎక్కువ తెలివికి గుర్తని నమ్మేవాడు. ఆయన దగ్గర పీహెచ్‌డీకి మన దేశం నుంచి ఆంత్రొపాలజీ (మానవశాస్త్రం) చదివే ఇరావతీ కర్వే వెళ్ళింది, 1920ల చివర్లో. 149 పుర్రెలు కొలిచి, జాతికీ ఆ వంకరకీ సంబంధమే లేదని ఆయన డిపార్ట్‌మెంట్‌లోనే కూర్చుని రాసిచ్చింది. ఆయన మార్కులు బాగా తగ్గించి వేశాడు గానీ, డిగ్రీ మాత్రం ఇవ్వక తప్పలేదు.