పాత తెరచాప పడవ కొనొచ్చా?

ప్రశ్న: సార్, మాది పెద్దవూర దగ్గర. హైదరాబాద్‌లో ఒకాయన పాత ఫైబర్ తెరచాప పడవ అమ్ముతున్నాడు. సాగర్ బ్యాక్‌వాటర్‌లో నడుపుకోవాలని నాకూ తమ్ముడికీ ఎప్పటినుంచో ఆశ. అడుగున సన్న గీతలున్నాయి, పైన నిలబడే డెక్ ఒకచోట కాలు పెడితే కుంగుతోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: గీతల గురించి టెన్షన్ వద్దు. వెంట్రుకంత సన్నగా ఉంటే చాలాసార్లు పైపూత వరకే. అసలు చూడాల్సింది ఆ కుంగే చోటు. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా మెల్లగా తట్టుకుంటూ పోండి, టక్‌టక్‌మని గట్టిగా మోగితే బాగున్నట్టే, చప్పుడు మందంగా వస్తే ఫైబర్ పొరల మధ్య ఉండే చెక్క నానిందనో పొరలు విడిపోయాయనో అనుమానించాలి, ఆ మేర చాక్‌పీస్‌తో గీస్తే రిపేరు ఎంతో మీకే కళ్ళకు కడుతుంది. అరచేయంత అయితే పైపొర కోసి, కుళ్ళింది తీసేసి, లోపల పూర్తిగా ఆరనిచ్చి (మన మే ఎండలు ఈ పనికి వరం) కొత్త చెక్క పెట్టి ఎపాక్సీ (గట్టిపడే జిగురు), ఫైబర్ గుడ్డతో పొరలు వేయించండి. ఎపాక్సీ ఎండకు ఆగదు, పైన పెయింట్ తప్పనిసరి. మాస్టు (తెరచాప కట్టే స్తంభం) కింద కుంగుతుంటే మాత్రం బేరం వదిలేయండి.

మాస్టును పట్టి ఉంచే స్టీలు తీగలో ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాల్సిందే. తెరచాప కుట్టును గోటితో గీరండి. దారం తెగి, గుడ్డ గట్టిగా ఉంటే మళ్ళీ కుట్టిస్తే చాలు.

పడవ తేలడానికి కట్టిన గాలి అరల్లో నీళ్ళు చేరితే బోల్తా పడ్డప్పుడు ప్రాణాల మీదికొస్తుంది, మూతలు విప్పించి చూడండి. డబ్బులిచ్చే ముందే రిజర్వాయర్‌లో నడపడానికి అనుమతి సంగతి డ్యాం అధికారులను అడగండి. తమ్ముడికి ఈత వచ్చినా సరే, ఇద్దరికీ లైఫ్ జాకెట్లు కొనండి.