బట్టలు సరే, అక్కకు ఏం చెబుతావు?

ఉత్తరం: మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జూలైలో మా బావ అమెరికా వస్తున్నాడు, మిర్యాలగూడలో ఆయనకు రైస్‌మిల్లు ఉంది. లాస్ వేగస్‌లో స్ట్రిప్ క్లబ్ చూపించమని ఒకటే పట్టు. అక్కడ ఎండలు మండిపోతాయి కదా, షార్ట్స్, చెప్పులతో రానిస్తారా, సూట్ వేసుకోవాలా? నా చదువుకు ఫీజు బావే కట్టిండు, అక్క హారం, గాజులు బ్యాంకులో పెట్టి. అందుకే కాదనలేను, ఖర్చు కూడా నేనే పెట్టుకుంటా. అక్కకు మాత్రం చెప్పొద్దన్నాడు.

జవాబు: తమ్ముడూ, ముందు బట్టల సంగతి తేల్చేద్దాం. షార్ట్స్, చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులు చూస్తే గుమ్మం దగ్గరే ఆపేసే క్లబ్బులు అక్కడ చాలా ఉన్నాయి. కాలరున్న పలుచటి కాటన్ చొక్కా, ఫుల్ ప్యాంటు, బూట్లు చాలు, సూటు అక్కర్లేదు. వేగస్‌లో జూలై అంటే 40 దాటడం మామూలే, 2024 జూలై 7న 48.9 డిగ్రీలు కొట్టింది, అయినా మే నెల మిర్యాలగూడ చూసిన మనిషికి ఎండ గురించి నేను చెప్పేదేముంది, పైగా లోపల ఏసీ వణికిస్తుంది. చాలాచోట్ల 21 ఏళ్లు నిండాయని చూపడానికి గుర్తింపు కార్డు ఉండాలి. ఫోటోలు తీయనివ్వరు. డాన్సుకు పాటకింత అని లెక్క, కాబట్టి జేబు నీదే అన్నప్పుడు ఆ లెక్క ముందే అడుగు. అయిపోయింది.

నాకు చిరాకు తెప్పించింది బట్టలు కాదు. ఫీజు "బావే కట్టిండు" అన్నావు, అదే నోటితో అక్క హారం, గాజులు బ్యాంకులో పెట్టి అన్నావు. మరి కట్టింది ఎవరు? ఆ హారం ఎవరి మెడలోది? తమ్ముడు చదువుకుంటాడని ఒంటిమీది సొమ్ము తీసిచ్చింది ఆమె, డబ్బు పంపింది ఆయన కాబట్టి పేరు ఆయనకొచ్చింది. మన ఇళ్లలో అల్లుడికి దండం పెట్టడం ఎంత అలవాటంటే, ఆడపిల్ల ఇచ్చింది కూడా అల్లుడి ఖాతాలోనే రాస్తాం. అప్పటినుంచి చుట్టాల పెళ్లిళ్లకు రోల్డ్‌గోల్డ్ వేసుకుని పోతున్నది ఎవరో మీ అమ్మను అడుగు. బాకీ అక్కకు పడి, వడ్డీ బావకు కడతానంటున్నావు, అదీ అక్క దగ్గర దాచి!

క్లబ్బుకు పోవడం అక్కడ నేరం కాదు. అందులో పనిచేసే ఆడవాళ్ల మీద నాకేం కోపం లేదు, వాళ్లది వాళ్ల పని. నా కోపమంతా ఆ "చెప్పొద్దు" మీద. ఆయనకు వేగస్‌లో దారి చూపడానికి మనుషులు దొరకక నిన్ను అడగలేదు, నోరు మూసుకుని ఉంటావని అడిగాడు. రేపు బతుకమ్మనాడు వీడియో కాల్‌లో అక్క "బావను మంచిగ చూసుకున్నవారా" అంటే ఏం చెబుతావు?

టికెట్లు బుక్ కాకముందే ఫోన్ చేసి చెప్పు: "బావా, వేగస్ తీసుకుపోతా, క్లబ్బుకు మాత్రం నేను రాను. అక్క అడిగితే అబద్ధం చెప్పను." ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు, నీతులు అసలే వద్దు. అట్లని ఇప్పుడే అక్కకు ఉప్పందించమని కాదు, వాళ్ల కాపురం వాళ్లది. అలిగితే అలగనీ, అల్లుళ్ల అలకలు మనకు కొత్తా? ఆ ఊరికి గంట లోపు దూరంలో కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ ఉంది, 1930లలో కట్టింది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఆడించే మిల్లు ఓనరు దాన్ని చూడకుండా తిరిగొస్తే అదే వింత. ఎండ ముదరకముందు పొద్దున్నే తీసుకుపో.

ఇక ఆ బంగారం. అసలెంత, వడ్డీ ఎంత మిగిలిందో అక్కనే అడుగు, బావను కాదు. క్లబ్బుకు పెడదామనుకున్న డబ్బుతో మొదలుపెట్టి, నెలనెలా ఆమె ఖాతాకే పంపు. లోను బావ పేరున ఉంటే విడిపించేటప్పుడు మామూలుగా బ్యాంకుకు ఆయనే రావాలి కాబట్టి, ఆ మాట ఆయన నీ దగ్గర ఉన్నప్పుడే తేల్చుకో.