మా ఆయన కథ ఎప్పుడు ఓకే అవుతుందో!

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు, ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. పెళ్లయి ఎనిమిదేళ్లు, పాప రెండో తరగతి. మావారు సాఫ్ట్‌వేర్‌లో ఉండేవారు. సినిమా రైటర్ అవుతానని 2021లో మానేశారు. రెండేళ్లు చూద్దామన్నారు, నేనూ సరేనన్నాను. ఆ రెండేళ్లూ ఎప్పుడో దాటిపోయాయి. రోజూ మోతీనగర్ నుంచి బండి వేసుకుని కృష్ణానగర్ వెళ్తారు. ఒక డైరెక్టర్ దగ్గర రెండున్నరేళ్లుగా కథ మీద కూర్చుంటున్నారు, చేతికి వచ్చింది మొత్తం 20,000. నా నాలుగు గాజులు తాకట్టులో ఉన్నాయి. తణుకులో ఉండే అత్తగారు ‘మగాడు ఒకటి అనుకున్నప్పుడు ఆడది అడ్డు పడకూడదు’ అంటారు. మా తమ్ముడేమో ‘బావ ఇంకా రైటరేనా’ అని నలుగురిలో నవ్వుతాడు. కిందటి నెల ఏదో సినిమా టీజర్‌లో తను సిట్టింగులో చెప్పిన సీన్ కనిపించిందట. అప్పటి నుంచి సరిగా తినరు, రాత్రి మూడింటి దాకా ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, పాప మీద అరుస్తున్నారు. ఏం కథ రాస్తున్నారంటే ‘నీకు అర్థం కాదులే’ అంటారు. ఇంక ఉద్యోగం చూసుకోమని చెప్పాలని ఉంది. చెబితే రేపెప్పుడో ‘నా జీవితం నువ్వే పాడు చేశావు’ అంటారేమోనని భయం. అన్నట్టు, పోయినేడాది నాకు రాజమండ్రి బ్రాంచికి ప్రమోషన్ మీద వెళ్లే అవకాశం వస్తే, ఆయన ఇక్కడే ఉండాలి కదా అని వద్దనుకున్నాను. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ‘అన్నట్టు’ అంటూ చివర్లో పడేసిన ఆ ప్రమోషన్ మాట గురించి చాలా మాట్లాడాలి, కానీ దానికంటే ముందు ఆ రాత్రి మూడింటి సంగతి. తిండి తగ్గడం, నిద్ర లేకపోవడం, పిల్ల మీద కేకలు, ఇవి నెల రోజులుగా సాగుతున్నాయంటే అది సినిమా టెన్షన్ అని సరిపెట్టుకునేది కాదు. ‘ఇంకెందుకు బతకడం’ లాంటి మాట ఏదైనా ఆయన నోట వచ్చిందా? మీరు రాయలేదు, అందుకే అడుగుతున్నాను. అడగడానికి భయపడకండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. వచ్చింది అంటే మిగతా ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు, ముందు ఆయన్ని ఒంటరిగా వదలకుండా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అలాంటి మాట రాకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించడం మంచిదే. నిద్ర లేని మనిషితో ఉద్యోగం గురించి మాట్లాడితే గొడవే మిగులుతుంది.

ఇప్పుడు మీరు అడిగినది. ‘కల మానుకో’ అని చెప్పాలా వద్దా అని మీరు తలకిందులవుతున్నారు. నా దృష్టిలో ఇంట్లో తేలాల్సింది అది కాదు. ఆయన ఇన్నాళ్లుగా రాస్తున్నారా, తిరుగుతున్నారా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, పొద్దున బండి తీయడం, రాత్రి అలసిపోయి రావడం, ఫోన్లో ‘అన్నా ఎక్కడి దాకా వచ్చింది’ అని అడగడం, అన్నీ సేమ్. నా దగ్గరికి ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు తక్కువేం కాదు, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, ఇందిరానగర్ గల్లీల్లో అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ల తల్లిదండ్రులు కొందరు, మీలాంటి భార్యలు కొందరు. వాళ్లలో నిజంగా రాసేవాళ్లూ ఉన్నారు, నాలుగేళ్లలో నాలుగు సీన్లు కూడా పూర్తి చేయనివాళ్లూ ఉన్నారు. రెండో రకం వాళ్లు మోసగాళ్లేమీ కాదు, రోజంతా కథల మధ్యే ఉంటారు కాబట్టి తాము రాస్తున్నామనే వాళ్ల నమ్మకం.

ఆ సిట్టింగ్ అనేది ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు, నేను విన్నది చెబుతాను. ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాటు, హాల్లో పరుపులు, డైరెక్టరు, నలుగురైదుగురు కుర్రాళ్లు. టిఫిన్ వస్తుంది, టీలు వస్తాయి. డైరెక్టరు ‘ఇంటర్వెల్ బ్యాంగ్ సరిపోవట్లేదురా’ అంటారు. ఒకరు ఒక మాట, దానికి ఇంకొకరు ఒక మలుపు, మూడో అతను దాన్నే కామెడీగా మార్చి చెబుతాడు, అందరూ నవ్వుతారు, ‘ఇది బాగుంది, పెట్టుకుందాం’ అంటారు. సాయంత్రానికి ఆ సీన్ ఎవరిదో అక్కడున్న వాళ్లకే గుర్తుండదు. హీరోగారి డేట్లు దొరికే దాకా ఇదే నడుస్తుంది, దొరక్కపోతే కథ మారుతుంది, మళ్లీ మొదటి నుంచి. జీతం ఉండదు, ఎప్పుడో పెట్రోలు ఖర్చులకని ఐదు వేలో పది వేలో ఇస్తారు. సినిమా పట్టాలెక్కితే ‘కథా సహకారం’ అని చిన్న అక్షరాల్లో నలుగురి పేర్లు పడొచ్చు, పడకపోవచ్చు. పని నేర్చుకోవడానికి ఆరు నెలలు, ఏడాది అక్కడ కూర్చోవడం వేరు. సొంతంగా ఒక స్క్రిప్టు లేకుండా రెండున్నరేళ్లు కూర్చుంటే మాత్రం ఆయన ఆలోచనలన్నీ ఆ పరుపుల మీదే ఉండిపోతాయి.

టీజర్ సంగతి కూడా ఇక్కడే చూడాలి. ఆయన బాధ అబద్ధం అనను. కానీ మన 1957 కాపీరైట్ చట్టం ఆలోచనకు రక్షణ ఇవ్వదు, ఆ ఆలోచనను మనం రాసిన తీరుకే ఇస్తుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది. నాటక రచయిత అయిన ఆ ఆనంద్, తన నాటకాన్నే వేరేవాళ్లు సినిమాగా తీశారని కోర్టుకెక్కారు, నాటకం చేతిలో ఉన్నా ఓడిపోయారు, ఎందుకంటే విషయం ఒకటే అయినా నడిపిన తీరు వేరని కోర్టుకు అనిపించింది. అలాంటిది నోటితో చెప్పిన సీన్ పట్టుకుని ఎక్కడికి వెళ్తారు? అయితే ఈ ముక్క ఇవాళే ఆయనకు చెప్పకండి, పుండు మీద కారం చల్లినట్టు ఉంటుంది. ఇవాళ్టికి మీరు ఆపాల్సింది ఒక్కటే, రాత్రి పూట కోపంలో ఫేస్‌బుక్‌లో ఫలానావాళ్లు నా సీన్ కొట్టేశారని పోస్టు పెట్టకుండా చూడండి. టీజర్ అంటే ఒకటి రెండు నిమిషాలు, సినిమా వచ్చాక చూసి, తన దగ్గర రాతలో ఏదైనా ఉంటే తేదీలతో సహా లాయరుకు చూపించుకోవచ్చు.

ఇకముందు ఏం చేయాలో మాత్రం ఆయన తెలుసుకోవాలి. కథ రాసిన క్షణం నుంచే రచయితకు హక్కు ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ రేపు గొడవ వస్తే ఆ కాగితమే సాక్ష్యం. కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్లోనే అప్లై చేయొచ్చు, సాహిత్య రచనకు ఫీజు 500. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, సభ్యత్వం గురించి, కథ నమోదు గురించి అక్కడికే వెళ్లి కనుక్కోవచ్చు. సిట్టింగ్ అయిన రోజు రాత్రి ‘సార్, ఇవాళ నేను చెప్పిన సీన్లు ఇవి’ అని మర్యాదగా డైరెక్టరుకు ఒక మెయిల్ పెట్టడం అలవాటు చేసుకోమనండి. దానికి మొహం మాడ్చుకునే డైరెక్టరు అయితే ఆ విషయం ఇప్పుడే తెలియడం మంచిది. కథ హక్కులు ఇవ్వడమంటే సంతకంతో, రాతపూర్వకంగానే జరగాలి. హక్కులు ఇచ్చేసిన తర్వాత కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకే ఉంటుంది. ఈ రక్షణలన్నీ కాగితం మీద ఉన్నదానికే, నోటిమాటకు కాదు.

కాబట్టి ఆయన్ని ఒక్కటే అడగండి: మొదటి సీన్ నుంచి శుభం కార్డు దాకా పూర్తయిన బౌండ్ స్క్రిప్టు ఒకటైనా ఉందా? నాలుగు మాటల్లో చెప్పే లైను కాదు, డైలాగులు లేకుండా కథ నడక మాత్రం రాసుకునే ట్రీట్‌మెంట్ కాదు, డైలాగులతో సహా. నా అనుమానం లేదనే. ఉంటే మాత్రం మీ ఉత్తరం చదివి నేను ఆయన గురించి అనుకున్నదంతా వెనక్కి తీసుకుంటాను. లేకపోతే లెక్క కష్టమేం కాదు. మన సినిమాకు అరవై డెబ్బై సీన్లు అనుకుంటే, రోజుకు ఒక సీన్ చొప్పున రాసినా రెండున్నర నెలలు, తిరగరాయడానికి ఇంకో రెండు నెలలు. దీనికి ఉద్యోగం మానక్కర్లేదు. గొల్లపూడి మారుతీరావు గారు ఆకాశవాణిలో ఉద్యోగం చేస్తూనే సినిమాలకు రాశారు, ముళ్లపూడి వెంకటరమణ గారు పత్రికాఫీసులో పని చేసి అటు వెళ్లారు. సాఫ్ట్‌వేర్‌కే మళ్లీ వెళ్లమని నేను అనను, గ్యాప్ వచ్చాక అది తేలిక కూడా కాదు. డబ్బింగ్ సినిమాలకు డైలాగులు, సీరియల్ ఎపిసోడ్లు, యూట్యూబ్ వాళ్లకు స్క్రిప్టులు, ఇవి చిన్నపనులని కొందరు ముక్కు విరుస్తారు కానీ, డబ్బింగ్ డైలాగ్ రాసేవాడికి పెదవి కదలికకు సరిపడా మాట వెతకడం వస్తుంది, అది ఎక్కడికీ పోదు. ఏదో ఒకటి, నెలకు ఇంత అని ఇంటికి రావాలి.

‘నీకు అర్థం కాదులే’ అన్న మాట ఉంది చూశారూ, నాకు డబ్బు కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. ముక్కూ మొహం తెలియని ప్రొడ్యూసరుకు రెండున్నర గంటలు నెరేషన్ ఇచ్చే, అంటే కథంతా చెప్పి వినిపించే మనిషి, టికెట్ కొని సినిమా చూసే భార్యకు చెప్పలేడా? కొంతకాలం కిందట ఇలాంటి జంటే వస్తే, హోమ్‌వర్క్‌గా కథ చెప్పమన్నాను. అతను వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడట, ఆవిడ కింద కూర్చుని గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తూ విన్నదట. ఫస్టాఫ్ అంతా ఊఁ కొట్టి, సెకండాఫ్ మొదట్లో చెయ్యి ఆపి, ‘అదేంటి, అంత కోపంగా వెళ్లిన చెల్లెలు పెళ్లికి పిలవకుండానే ఎందుకొచ్చింది?’ అందట. అతనికి మండింది, ఆ పూట అన్నం తినలేదు. తర్వాతి వారం వచ్చినప్పుడు అతనే ఒప్పుకున్నాడు, ఇద్దరు ప్రొడ్యూసర్లు ‘సెకండాఫ్ ఎక్కడో తేడా కొడుతోంది’ అన్నది అక్కడేనని. అతని సినిమా ఏమైందని అడగకండి, ఇంకా ఏమీ కాలేదు. కానీ ఇప్పుడు వాళ్లింట్లో ఆ చెల్లెలు పాత్ర గురించి మాట్లాడుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు కూడా, ఇంతకుముందు అసలు మాటలే లేవు.

మీ భయం సంగతి. ‘నా జీవితం నువ్వే పాడు చేశావు’ అంటారేమో అంటున్నారు. అనొచ్చు. మీరు ఏమీ అనకుండా ఇంకో ఐదేళ్లు గాజులు తాకట్టు పెట్టినా కూడా అనొచ్చు, ‘నువ్వప్పుడే గట్టిగా చెప్పాల్సింది’ అని. ఆయన 45వ ఏట ఏమంటారో ఇవాళ మీరు కట్టడి చేయలేరు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆయన ఏ ఫిలింనగర్ ఆఫీసులో కూర్చున్నా, ఇన్నేళ్లుగా ఆయన రాతకు పెట్టుబడి పెడుతున్న నిర్మాత మీరు. నిర్మాత బడ్జెట్ అడగడా? డేటు అడగడా? మీరు మొదట్లోనే అడిగారు, రెండేళ్లని ఆయనే చెప్పారు, ఆ గడువు దాటిన రోజు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు, అంతే జరిగింది. మళ్లీ ఒక తేదీ పెట్టుకోండి. వచ్చే ఉగాది అనుకోండి. దానికి ఎదురుగా ‘సినిమా ఓకే అవ్వాలి’ అని రాయకండి, అది ఆయన చేతిలో లేదు. స్క్రిప్టు పూర్తవ్వాలి, నెలకు ఇంత రావాలి, ఈ రెండూ రాయండి. తాకట్టు ఇంక వద్దు. పాప ఫీజు, మీ పీఎఫ్ జోలికి ఏ కథ కోసమూ వెళ్లొద్దు, ఈ విషయంలో మొహమాటం అసలే పనికిరాదు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి, ‘అడ్డు పడట్లేదు అత్తయ్యా, నడుపుతున్నదే నేను’ అని నవ్వుతూ ఒకసారి అనండి చాలు. తమ్ముడిని మాత్రం గట్టిగానే ఆపండి. బావను ఎగతాళి చేస్తే దెబ్బ తగిలేది మీ కాపురానికి. మీరు బయటికి అనలేనిది వాడు అంటున్నాడని మీకు లోలోపల కాస్త హాయిగా ఉందేమో, అది కూడా చూసుకోండి.

ఇక రాజమండ్రి. వద్దనుకున్నట్టు ఆయనకు తెలుసా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆయనతో మాట్లాడి నిర్ణయించుకున్నట్టు లేదు. చెప్పకుండా త్యాగం చేస్తే అవతలివాళ్ల మీద వాళ్లకు తెలియని అప్పు ఒకటి పెరుగుతుంది, వడ్డీతో సహా మీరే లెక్క రాసుకుంటూ ఉంటారు. ఆయన ‘నీకు అర్థం కాదు’ అని కథ దాచినట్టే, మీరూ ఇది దాచారు. నిజానికి రైటర్‌కి రాయడానికి కావాల్సింది బల్ల, కుర్చీ, ఎవరూ పిలవని మూడు గంటలు. అవి గోదావరి గట్టు పక్కన కూడా దొరుకుతాయి, అద్దె కూడా తక్కువే. నెరేషన్ ఉన్నప్పుడు రాత్రి రైలెక్కితే పొద్దున్నకి హైదరాబాద్‌లో ఉంటారు. వెళ్లమని నేను చెప్పట్లేదు, ఆ లెక్క ఇద్దరూ కలిసి వేయనేలేదు కదా అంటున్నాను. మీ హెచ్‌ఆర్ వాళ్లను ఆ అవకాశం మళ్లీ ఎప్పుడు ఉంటుందో ఈ వారంలోనే అడగండి.

డాక్టరు పని అయ్యాక, ఆయన కాస్త నిద్రపోతున్నారు అనుకున్నాక, ఒక ఆదివారం పాపను మీ తమ్ముడింటికి పంపండి, వాడికీ ఒక పని అప్పజెప్పినట్టు ఉంటుంది. పొద్దున డబ్బు మాట ఎత్తకండి. టిఫిన్ పెట్టి, ‘కథ చెప్పండి, నాకు అర్థం కాకపోతే అర్థం కాలేదని చెబుతాను’ అనండి. ఫోన్ పక్కన పెట్టి పూర్తిగా వినండి, బాగా లేని చోట బాగుందని అనకండి. భోజనాలయ్యాక ఒక కాగితం తీసి మీది మీరు చెప్పండి, గాజులు, ఉగాది, రాజమండ్రి, అన్నీ. ఆయనేమన్నారో నాకు రాయండి.