సోనీ గేమ్ కన్సోల్ పీఎస్2 (ప్లేస్టేషన్ 2)కి పవర్ బ్యాంక్ తగిలిస్తే పోర్టబుల్ అయిపోతుందా?

నేరుగా తగిలిస్తే కాదు. లిథియం సెల్స్ ప్యాక్, మధ్యలో వోల్టేజీని సరిచేసే కన్వర్టర్ బోర్డు ఉంటేనే స్లిమ్ పీఎస్2 బ్యాటరీ మీద నడుస్తుంది.

కారణం పీఎస్2 అడాప్టర్ మీదే రాసి ఉంటుంది: 8.5 వోల్టులు, 5.65 ఆంపియర్లు. మామూలు పవర్ బ్యాంక్ ఇచ్చేది 5 వోల్టులు, సుమారు 2 ఆంపియర్లు. పైగా బ్యాటరీ వోల్టేజీ ఒక్కచోట నిలవదు. మూడు లిథియం సెల్స్‌ని సిరీస్‌లో (ఒకదాని వెనుక ఒకటిగా) కలిపితే ఫుల్ చార్జ్‌లో 12.6 వోల్టులు ఉంటుంది, వాడేకొద్దీ 9 దాకా దిగుతుంది. కన్వర్టర్ దాన్ని ఎప్పుడూ 8.5 దగ్గరే నిలబెడుతుంది. సెల్స్‌కి రక్షణగా బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) బోర్డు కూడా పెట్టాలి. నాలుగు డబ్బులు మిగులుతాయని దీన్ని మాత్రం వదిలేయొద్దు, షార్ట్ అయితే సెల్స్‌కి నిప్పు అంటుకోవచ్చు.

ఉదాహరణకు, ఒక్కోటి 2,500 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్లు) ఉన్న మూడు సెల్స్ అంటే దాదాపు 28 వాట్-అవర్లు. కన్సోల్, చిన్న స్క్రీన్ కలిపి 20 వాట్లు తీసుకుంటాయనుకుంటే, కన్వర్టర్‌లో పోయేది పోగా గంటా పావు వస్తుంది. కాజీపేటలో రైలెక్కి ఆట మొదలుపెడితే సికింద్రాబాద్ రాకముందే ఆగిపోతుంది. జంటలుగా ఆరు సెల్స్ వేస్తే ఆ ప్రయాణానికి సరిపోతుంది, బరువు మాత్రం చేతికి తెలుస్తుంది.

చాలామంది పొరపడేది ఎంఏహెచ్ దగ్గర. 10,000 అని ఉంటే బలమైన పవర్ బ్యాంక్ అనుకుంటారు. ఆ అంకె లోపలి సెల్‌లో, 3.7 వోల్టుల దగ్గర ఎంత చార్జ్ నిల్వ ఉందో చెబుతుంది, అంతే. ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదన్నది వేరే లెక్క.